కుడిపక్కన నడిచిన మనిషి

కోసిన మామిడికాయల లోడుతో ట్రాలీ ఆటో పక్కనుంచి వెళ్ళింది. సొన వాసన ముక్కుకి తగిలి ఆగిపోయాను. నూజివీడులో ఈ నెలల్లో ఆ వాసన లేని రోడ్డు ఉండదు. కానీ కాలేజీ నుంచి బస్టాండుకి వెళ్ళే ఈ దారిలో తగిలితే మాత్రం నాకు సుగుణ మేడమ్ గుర్తొస్తారు. ఇంటర్లో మాకు జువాలజీ చెప్పారావిడ. ఇప్పుడు అదే గదిలో అవే పాఠాలు నేను చెబుతున్నాను. ఆవిడ పోయాక తోటలకి ఇది రెండో కాపు.

చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి నా ఎడమ చెవి పోయింది. దాంతోపాటు ఒంటి నిలకడ కూడా తీసుకుపోయింది. తల గబుక్కున తిప్పితే చాలు, నేల పక్కకి జారిపోయినట్టుండేది. మా ఊరు రెడ్డిగూడెంలో మావాళ్ళంతా చెట్లెక్కి కాయలు కోస్తుంటే నేను కింద గోనెపట్టా మీద కూర్చుని చూసేదాన్ని. కాలేజీలో నాతో బయల్దేరిన స్నేహితురాళ్ళు కబుర్లలో పడి ముందుకెళ్ళిపోయేవారు. వాళ్ళ తప్పేమీ లేదు. అయినా రోజూ వాళ్ళ వీపులు చూస్తూ నడవాలంటే ఏడుపొచ్చేది.

ఒకరోజు మేడమ్ లోపలి చెవి పాఠం చెప్పారు. అక్కడ మూడు సన్నటి అర్ధవర్తుల కుల్యలు, అంటే ఒంపు తిరిగిన గొట్టాలు, ఉంటాయి. మనం తల కదిపితే వాటిలోని ద్రవం కదిలి, ఎటు తిరిగామో మెదడుకి తెలుస్తుంది. అక్కడితో ఆగకుండా సిలబస్‌లో లేని స్లోత్ అనే మహా నెమ్మది జంతువు గురించి ఎత్తుకున్నారు. దాని పాతకాలపు చుట్టాల్లో కొన్ని ఏనుగంత ఒంటితో నేలమీద తిరిగేవట. ఇప్పుడున్నవి కొమ్మలకి తలకిందులుగా వేలాడుతూ బతుకుతాయి. వెనక బెంచీలో ఎవరో నా పేరు అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

నవ్వులు ఆగేదాకా చూసి మేడమ్ అన్నారు: "గెంతే జంతువుల్లో ఈ ఒంపులు ఒక జాతిలో అన్నిటికీ దాదాపు ఒకేలా ఉండాలి, తేడా వస్తే పడిపోతాయి. మూడు వేళ్ళ స్లోత్‌కి తొందర లేదు కదా. అందుకని దాని చెవిలో ఒక్కోదానికి ఒక్కో తీరు. మెల్లగా కదిలేదానికి ఆ వెసులుబాటు ఉందమ్మా."

ఆ సాయంత్రం నుంచి ఆవిడ నాతో పాటు బస్టాండు దాకా నడిచారు. ఎప్పుడూ నాకు వినిపించే కుడిపక్కనే. ఆవిడ నడకా నాలాగే మెల్లగా ఉండేది. లోకంలో నాలాంటి మనిషి ఇంకొకరున్నారని ఎంత సంబరపడ్డానో.

అదే ఊళ్ళో డిగ్రీలో చేరాక కూడా సాయంత్రాలు కలిసే నడిచేవాళ్ళం. ఒక ఆదివారం ఆటోలో వస్తూ ఆవిణ్ణి చూశాను. ఒంటరిగా, కుచ్చిళ్ళు ఎగిరిపడేంత వేగంగా వెళ్ళిపోతున్నారు. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ళూ నా మీద జాలిపడ్డారన్నమాట. మర్నాడు ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను.

"మీరంత వేగంగా నడుస్తారని నాకు తెలీదండీ."

ఆవిడేమీ తడబడలేదు. "ఒక్కదాన్నే ఉన్నప్పుడు అలాగే నడుస్తానమ్మా. పక్కన ఎవరూ లేని దారి ఎంత తొందరగా అయిపోతే అంత నయం."

పెళ్ళి చేసుకోని ఆవిడకి అద్దె ఇంట్లో ఎదురుచూసే మనిషి లేదని నాకు అప్పుడే తట్టింది. జాలి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇవాళ కూడా తోటి లెక్చరర్లు "వెళ్ళొస్తామండీ" అంటూ బళ్ళెక్కి వెళ్ళిపోయారు. అలవాటు పోక, కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడుస్తున్నాను. ఈ దారి తొందరగా అయిపోతే బాగుండునని నాకూ ఉంటుంది. వేగంగా నడవడం నాకు రాదు.