అచ్చుతప్పులు దిద్దించిన బాణాల మాస్టారు

మా బావమరిదిని బళ్లో అందరూ బాణాల మాస్టారు అంటారు. ఇరవై రెండేళ్లుగా పెద్ద తరగతికి రసాయనశాస్త్రం చెబుతున్నాడు. చెబుతున్నాడనడం మర్యాద కోసం. బోర్డు మీద ఆవర్తన పట్టిక వేస్తాడు, ఎడమ నుంచి కుడికి ఒక బాణం, పై నుంచి కిందికి ఇంకో బాణం లాగుతాడు. ఇటు పోతే పెరుగుతుంది, అటు పోతే తగ్గుతుంది అని చేతులు దులుపుకుంటాడు. ఎందుకు పెరుగుతుందని అడిగితే, ఆ ప్రశ్న పరీక్షలో రాదంటాడు.

నేను పల్లెటూరి పాకబడిలో చదివినవాణ్ని. ముగ్గురికి ఒక పుస్తకం. ఎలక్ట్రాన్ విన్యాసాలు, అంటే పరమాణువులో ఏ ఎలక్ట్రాన్ ఏ గదిలో ఉంటుందో, నేలమీద గులకరాళ్లు పేర్చి నేర్చుకున్నాను. ముప్పై నాలుగేళ్లు ఇదే రసాయనశాస్త్రం చెబితే నా దగ్గర తప్పినవాళ్లు మొత్తం పదకొండు మంది, అందులో నలుగురు అసలు పరీక్షకే రాలేదు. రెండు పతకాలొచ్చాయి. మావాడి బడికి ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ నా శిష్యురాలు. తూచే చెయ్యి ఎలాంటిదో తెలియాలని చెబుతున్నాను.

ఈ ఏడు బళ్లో కొత్త టీచరు చేరింది. పెద్ద తరగతి ఆమెకివ్వాలా, మావాడి దగ్గరే ఉంచాలా అన్నది తేల్చడానికి హెడ్‌మిస్ట్రెస్ అతని పునశ్చరణ క్లాసు ఒకటి చూస్తానంది, నన్నూ రమ్మంది. ఆ తరగతి పోతే అతనికి మిగిలేది ఆరో తరగతి సామాన్యశాస్త్రం. పెద్ద తరగతి మాస్టారన్న పేరు తప్ప మనిషికి చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

ముందురోజు మా ఇంటికొచ్చాడు.

"బావగారూ, రేపు మీరు వెనక బెంచీలో కూర్చుని తలాడించండి చాలు."

"తలాడించడానికి నేనే రావాలటోయ్. గాలికి గోడమీద కాలెండరు చాలదూ."

"మా తమ్ముడి ముందు మీ పతకాల చిట్టా విప్పకండి," అంది మా ఆవిడ వంటింట్లోంచి. "ఒక్క పూట నోరు కట్టుకుంటే ఏం పోతుంది."

కట్టుకుందామనే వెళ్లాను. అతను క్లాసు మొదలుపెట్టిన తీరు చూడండి.

"అయనీకరణ శక్తుల పట్టిక తియ్యండి. పరమాణువులోంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగడానికి ఎంత శక్తి కావాలో ఆ అంకెలవి. నైట్రోజన్‌కి 1402, ఆక్సిజన్‌కి 1314 అని పడింది. అచ్చుతప్పు. ఆక్సిజన్ కుడిపక్కనుంది, దానికే ఎక్కువుండాలి. కొట్టేసి అటుదిటు మార్చుకోండి."

ముప్పై కలాలు ఒక్కసారి బయటికొచ్చాయి. ఏటేటా ఇదే తంతట. బాణానికి పుస్తకం లొంగకపోతే, పుస్తకాన్నే వంచాడు మహానుభావుడు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి కలం తియ్యలేదు. తోటివాళ్లు ఆమెను లాయరంటారు.

"సార్, లైబ్రరీలో ఇంకో రెండు పుస్తకాలు చూశాను. అచ్చులో ఇవే అంకెలున్నాయి, ఎవరో పెన్నుతో కొట్టేశారు. మూడు ప్రెస్సులూ ఒకే తప్పు చేస్తాయా సార్?"

"ఒకణ్ని చూసి ఒకడు దింపుకుని ఉంటాడమ్మా. కూర్చో."

"పోనీ, ఎలక్ట్రాన్ విన్యాసం రాసి చూద్దామా సార్?"

మావాడు విన్యాసం జోలికి పోలేదు. నా వైపు తిరిగాడు. "మా బావగారే ఉన్నారు. ముప్పై నాలుగేళ్ల అనుభవం. అచ్చుతప్పే కదండీ బావగారూ?"

హెడ్‌మిస్ట్రెస్‌ది లెక్కలు. ఈ విషయంలో నా మాట దాటదు. ఒక్కసారి తలాడిస్తే అతని తరగతి అతనికి నిలుస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కానీ ఆ ముప్పైమంది అబద్ధాన్ని పెన్నుతో రాసుకుని కూర్చున్నారు.

లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను. నైట్రోజన్‌కి బయట మూడు గదులు గీసి, గదికొక ఎలక్ట్రాన్ పెట్టాను. ఆక్సిజన్‌కి నాలుగో ఎలక్ట్రాన్ కూడా ఉంది; అది ఏదో ఒక గదిలో రెండోదిగా ఇరుక్కోవాలి. ఒకే గదిలో ఇద్దరుంటే ఒకరినొకరు నెట్టుకుంటారు, కాబట్టి ఒకదాన్ని లాగడం తేలిక.

"అచ్చు సరిగ్గానే ఉంది," అన్నాను. "తప్పు దిద్దినవాడిది."

మావాడు సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపే చూశాడు. "ఇంత చిన్న విషయమా," అన్నాడు. దానికి ఇరవై రెండేళ్లు పట్టిందని నేను అనలేదు. పిల్లల నవ్వు చాలింది.

ఆ సాయంత్రమే అతనికి ఆరో తరగతి రాసిచ్చారు. మా ఆవిడ నాలుగు రోజులు నాకు కంచం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

అయిదో రోజు అతనొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"బావగారూ, బోరాన్ దగ్గర కూడా అలాగే దిద్దించాను. బెరీలియం కంటే తక్కువుందని. అదీ..."

"అదీ తప్పే."

"ఆ గదులు గీసి చూపిస్తారా?"

"ఆరో తరగతికి ఎందుకోయ్ గదులు?"

"వాళ్లకి కాదండీ. నా పాత పిల్లల్లో ముగ్గురు టీచర్లయ్యారు. వాళ్లూ పిల్లల చేత కొట్టేయిస్తున్నారట. చెప్పాలి కదా."

ఒక బడికి అంటిన రోగం నాలుగు బళ్లకు పాకిందన్నమాట. కూర్చోబెట్టి గీశాను. బెరీలియం చివరి రెండు ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దగ్గరగా, లోపలి గదిలో జంటగా నిండి కూర్చున్నాయి, బోరాన్‌లో అయిదోది ఒంటరిగా బయటి గదిలో పడింది, అందుకే అది సులువుగా ఊడుతుందని చెప్పాను. మొదటిసారికి అర్థం కాలేదు. రెండోసారికీ కాలేదు. ఇతని చేత చెప్పిస్తే ఇంకో కొత్త తప్పు పుడుతుందని తేలిపోయింది. కాగితం ముందుకు తోసి ఆ ముగ్గురి చిరునామాలు రాయమన్నాను. ఉత్తరాలు నేనే రాస్తున్నాను.