ఎదురుగాలి కోసం ప్రార్థన

మొన్న ఆదివారం కెనడాలో, ఏజాక్స్‌లోని మా తెలుగు చర్చికి కొత్త పాస్టరు గారొకరు వచ్చారు. ఉద్యోగం పోయినవాళ్లనీ, ఇక్కడ స్థిరపడేందుకు పీఆర్ రానివాళ్లనీ అందరినీ తలచుకుని, కళ్లు మూసుకుని, "ఈ బిడ్డల ఎదురుగాలులన్నీ ఆగిపోవును గాక" అన్నారు. ఆమెన్ అనాల్సిన చోట సగం మంది గొంతు సవరించుకున్నారు. నా పక్కన కూర్చున్న భీమవరం ఆంటీ ఒక కన్ను తెరిచి, "అదొక్కటీ తప్ప ఇంకేదన్నా అడగమనమ్మా" అని గొణిగింది. తన తెలుగులో ఏదో తప్పు దొర్లిందనుకుని ఆయన పాపం అదే మాటను ఇంగ్లీషులో మళ్లీ అన్నారు. మా మేనకోడలి సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మేనకోడలంటే మా అన్నయ్య కూతురు. ఇక్కడి తెలుగు పిల్లలు కూచిపూడికో, లెక్కల ట్యూషన్‌కో వెళ్తుంటే ఇది స్కీ జంపింగ్ పట్టుకుంది. కాళ్లకు మనిషికంటే పొడుగు చెక్కలు కట్టుకుని, నిట్టనిలువు ర్యాంపు మీంచి జారి, గాలిలోకి లేచి, ఎంత దూరంలో వాలితే అంత గొప్ప. స్కూలు వాళ్లు తీసుకెళ్లిన ట్రిప్పులో ఏదో చిన్న దిబ్బ మీంచి మొదటిసారి దూకి, అప్పటినుంచీ కిందికి దిగడం మర్చిపోయిందని అన్నయ్య అంటాడు. కెనడాలో మంచుకు కొదవ లేదు గానీ పెద్ద పోటీలకు సాధన చేయడానికి తగిన కొండ దొరకలేదట, అందుకని పిల్ల స్లొవేనియాలో ఉండేది. ఆ దేశం పేరును మా వదిన చివరిదాకా స్లొవాకియా అనే అంది. దిద్దితే, "ఏదైతేనేం, దూరమేగా" అనేది. పిల్ల ఆడేవి రెండో శ్రేణి అంతర్జాతీయ పోటీలు. రెండో శ్రేణి అని తీసిపారేయకండి. మన క్రికెట్‌లో ఇండియా-ఎ జట్టు లాంటిదన్నమాట. దేశాలు తిరుగుతారు, ప్రాణం పెట్టి ఆడతారు, మర్నాడు పేపర్లో వెతికితే కనిపించరు. అక్కడ మొదటి ముప్పైమందిలో వస్తేనే పాయింట్లు. ఒక్క పాయింటు వచ్చినా పై శ్రేణికి దారి తెరుచుకుంటుంది. మా పిల్ల రెండేళ్లుగా ముప్పై దాటాక ఎక్కడో ఆగిపోయేది. ఆ చలికాలం కూడా రాకపోతే మానేసి ఇంటికొచ్చి చదువుకుంటానని తేల్చి చెప్పింది.

ఆ రెండేళ్లూ వదిన ప్రతి శనివారం ఉపవాస ప్రార్థనలో కూతురి పేరు చెప్పేది. మొదటిసారి, "మా అమ్మాయి ఇవాళ కొండమీంచి దూకుతుందండీ, ప్రార్థించండి" అనేసరికి హాల్లో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. భీమవరం ఆంటీ ఏడవడం కూడా మొదలుపెట్టింది. విషయం తెలిశాక స్థిమితపడి, ఆ బాధ్యత తన మీద వేసుకుంది. ఆంటీ ప్రార్థనంటే మామూలుగా ఉండదు. మైకు అక్కర్లేదు. "తుఫానును నిమ్మళపరచిన ప్రభువా, మా బిడ్డకు ఎదురుగాలి అనేదే లేకుండా చేయుము" అని వారం వారం మొత్తుకునేది. మేమంతా ఆమెన్ అనేవాళ్లం. కష్టాన్ని ఎదురుగాలి అనే కదా మనం అంటాం, అందులో తప్పేం కనిపిస్తుంది.

ఓసారి మిస్సిసాగా ఆఫీసు నుంచి డ్రైవ్ చేస్తూ, 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పిల్లతో ఫోన్లో మాట్లాడుతూ ఈ ప్రార్థన సంగతి చెప్పాను. "అత్తా, నో. హెడ్‌విండ్ ఈజ్ గుడ్. ప్లీజ్ టెల్ దెమ్ టు స్టాప్" అంది. ఎదురుగా వచ్చే గాలి చెక్కల కింద చేరి మనిషిని మోస్తుందట. వెనకనుంచి వచ్చేదే నేలకేసి తొక్కుతుందట. ఎదురుగాలి ఉంటే కాసిని మార్కులు కోస్తారట, అయినా అదే కావాలట. ఆ సాయంత్రమే వదినకు చెప్పాను. కూర కలుపుతూనే, "చెప్తాలే" అంది. తరవాతి శనివారం ఆంటీ యథాప్రకారం ఎదురుగాలిని తరిమికొట్టింది. వదిన అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. మర్చిపోయి ఉంటుందనుకున్నాను.

ఆ చలికాలపు ఆఖరి పోటీ కూడా శనివారమే వచ్చింది. అన్నయ్య కొండ దగ్గరికి వెళ్లాడు. రెండో శ్రేణి కాబట్టి టీవీ లేదు, అన్నయ్య వీడియో కాలే దిక్కు. చర్చి హాల్లో ఫోన్ని నీళ్ల సీసాకి ఆనించి అందరం చుట్టూ చేరాం. ఉపవాసమన్న మాటే గానీ, పక్క గదిలో ఉప్మా పోపు వేసినప్పటినుంచీ భక్తి కొంచెం అటు తిరిగింది. ఆంటీ ప్రార్థన ముగించిందో లేదో ఫోన్లో అన్నయ్య గొంతు వినిపించింది. "గాలి తిరిగిందే. వెనకనుంచి కొడుతోంది. ఎర్రలైటు వేసి పిల్లని పక్కకి దింపేశారు."

"చూశారా, ఎదురుగాలి ఆగింది" అన్నారు అప్పటి పాస్టరు గారు సంతోషంగా.

వదిన లేచి నిలబడింది. "పాస్టరు గారూ, ఎదురుగాలి కావాలని అడగండి."

"అదేంటమ్మా, అలా ఎలా అడుగుతాం?"

"దానికి అదే మంచిదండీ. నాకు తెలుసు, మా ఆడపడుచు ఎప్పుడో చెప్పింది. నేను చెబితే మీరు అడుగుతారు, ఆయన ఇస్తాడు, అది ఇంక ఇంటికి రాదు. అందుకని చెప్పలేదు. ఇప్పుడు అడగండి, అది పైన కూర్చుని ఉంది."

"అయితే ఇన్నాళ్లూ నన్ను పస్తులుంచి మరీ నా చేత పిల్లని వెనక్కి లాగించావన్నమాట" అంది భీమవరం ఆంటీ. కోపంగా అనలేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. నేను మాత్రం వదిన మొహం చూడలేకపోయాను. ఆమె మీద కోపం రావాలి, జాలే వచ్చింది.

పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, మా బిడ్డకు ఎదు..." దగ్గర నాలుక తిరగలేదు. రెండోసారి ప్రయత్నించి, "ఎదురుగాలి దయచేయుము, తగుమాత్రంగా" అన్నారు. ఆమెన్ కూడా తగుమాత్రంగానే పలికింది. గాలి దానికే తిరిగిందో, ఆ కొండమీద మామూలుగా తిరిగేదే తిరిగిందో నేను చెప్పలేను. పచ్చలైటు పడిందని అన్నయ్య అరిచాడు. ఆ కంగారులో ఫోన్ తిప్పేసి మాకు ముందు ఆకాశం, తరవాత తన బూట్లు, చివరికి తన ముక్కు చూపించాడు. పిల్ల గాలిలో ఉన్నంతసేపూ మేం చూసింది ఆ ముక్కునే. దూరం బాగానే పడింది. కానీ తన వెనక దూకాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక్కొక్కరు దూకుతుంటే పేరు ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, అందరూ అయిపోయాక ముప్పై దగ్గర ఆగింది.

"ఒక్క పాయింటేనా?" అంది ఆంటీ.

వదిన శాలువాతో మొహం తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "చాలండీ. ఇంక అది రాదు" అంది. ఆ తరవాత అందరికంటే ముందు తనే వెళ్లి ఉప్మా వడ్డించింది.

ఇప్పుడా పిల్ల పై శ్రేణిలో దూకుతోంది. చాలాసార్లు ఆఖరి వరసలో వస్తుంది, ఫోన్ చేస్తే మాత్రం గొంతులో పండగే. ఎండాకాలంలో వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది. కూతుర్ని వెనక్కి రప్పించుకోవాలని పట్టుబట్టి కూర్చున్న ఆ రెండేళ్ల గురించి వదినను కదిపితే, ఏ ఒక్క శనివారమూ విడిగా గుర్తులేదంటుంది. పొమ్మని లేచి నిలబడిన ఆ కాసేపటిని మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది. గుప్పిట బిగించినన్నాళ్లూ కాలం ఏ వేళ్ల సందున జారిపోయిందో తెలియదు, తెరిచిన ఆ కాసేపే ఆమెకు మిగిలింది.