గేటు మూసి విప్పిన ఇంజన్

మొన్న మా సందులో ఎవరో ఆటో ఇంజన్ విప్పి కిరోసిన్‌తో కడుగుతుంటే ఆ వాసన ప్రహరీ దాటి లోపలికి వచ్చింది. పక్కింటివాళ్లు అప్పుడే దించిన తంగేడు పూల పచ్చి వాసన దానికి తోడయింది. ఆ రెండూ కలవగానే, ఎన్నేళ్ల కిందటిదో ఒక బతుకమ్మ పండుగ మళ్లీ నన్ను లోపల పెట్టి తాళం వేసింది.

ఒకప్పుడు సిరిసిల్లలో మా తాతకు రెండు షెడ్ల నిండా సాంచాలుండేవి. నాకు ఊహ తెలిసేసరికి ఆ మరమగ్గాలన్నీ ఇతరుల చేతికి పోయి, వాటి చప్పుడు మాత్రం గోడ అవతలి నుంచి వినపడేది. మాకు మిగిలింది తాత కొన్న నల్ల కారు, దానితోపాటు ఒక ఆచారం. ఊరి ఆడవాళ్లందరూ బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని మానేరు వాగుకు నడిచిపోతే, మా ఇంటి బతుకమ్మ కారు వెనక సీట్లో, నాయనమ్మ పక్కన కూర్చుని పోయేది.

ఆ ఏడు పండుగ ముందు ఇంజన్ లోపల తట్టుడు మొదలైంది. బేరింగులు అరిగాయన్నారు. కారును తాడు కట్టి మెకానిక్ షెడ్డుకు లాక్కుపోతే ఊరు చూస్తుందని, బాపు కోరుట్లలో మెకానిక్ పని చేసే మా మేనమామను పిలిపించి, గేటుకు తాళం వేసి, వాకిట్లోనే పని పెట్టించాడు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది కనుక నన్నూ బయటికి పోనివ్వలేదు. నాయనమ్మ గునుగు పూలకు రంగులద్దుతుంటే, అమ్మ నువ్వులు వేయించి దంచుతుంటే, నా తోటి పిల్లలు గోడ అవతల చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నేను నూనె మరకల మధ్య ఒక్కదాన్నే తొక్కుడుబిళ్ల ఆడుకున్నాను. పండుగ చివరి రోజు, సద్దుల నాటికి బండి కదిలితేనే నాకు వాగు.

మామ కారు కింద నుంచి బయటికి జరిగి, అర్ధచంద్రంలాంటి పాత బేరింగు రేకును తుడిచి బాపుకు చూపించాడు.

"బావా, గీ ఇంజన్‌ను ఇంతకుముందే ఎవరో విప్పిండ్రు. రేకు వెనక పెద్ద సైజు కొట్టి ఉన్నది సూడు. అరిగిన ఇరుసును సానబట్టి, మందం రేకులేసిండ్రు. గిదే సైజు తేవాలె."

"మా నాయిన గీ బండికి పానా తగలనియ్యలె. కొత్త బండి సైజే తే."

"నీ మాట నేనింట బావా. ఇంజన్ ఇనదు."

బాపు అబద్ధమాడే మనిషి కాడు. తన తండ్రి చెప్పిందే చెప్పాడు. నాయనమ్మ మాత్రం పూల మీంచి తల ఎత్తలేదు. సిరిసిల్లలో కొంటే తెలిసిపోతుందని మామ జగిత్యాల పోయి, బాపు చెప్పిన సైజే తెచ్చి బిగించాడు.

సద్దుల సాయంత్రం పట్టు లంగా కట్టుకుని బతుకమ్మ పట్టుకుని నిలబడ్డాను. ఇంజన్ అందుకుంది. కాసేపటికే అదే తట్టుడు, మునుపటికన్నా గట్టిగా. బాపు తాళంచెవి తిప్పి ఆపేశాడు. మామ పానాలు సర్దుకున్నాడు. వీధిలో పాటలు వాగు వైపు సాగిపోతున్నాయి.

"బాపు, నడిచి పోదామే," అన్నాను.

"మన బతుకమ్మ నడవది బిడ్డా."

చివరికి మా బతుకమ్మను బావి పక్కనున్న నీళ్ల గోలెంలో వదిలాం. తంగేడు పూలు ఆ సిమెంటు అంచులకు తగులుతూ అక్కడక్కడే తిరిగాయి. నాయనమ్మ నా చెవి దగ్గర మెల్లగా అంది: "మీ తాత గూడ గిట్లనే గేటు మూసిండు."

ఇప్పుడు బాపు లేడు, మామ లేడు. గోడ అవతల సాంచాల చప్పుడు లేదు. కారు ఇటుకల మీద నిలబడి ఉంది. నిన్న పక్కింటి అమ్మాయి బతుకమ్మతో గేటు దగ్గర ఆగి, "పెద్దమ్మా, మాతోని వాగుకు రారాదు?" అని అడిగింది.

"మా బతుకమ్మ నడవది బిడ్డా," అని చెప్పి, గడియ పెట్టుకుని, గోలెం నింపటానికి లోపలికి వచ్చాను.