డ్రమ్ము మీది తెగిన అక్షరాలు

నా చిన్నప్పుడు పటాన్‌చెరులో ఎండాకాలమంతా నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపే. ఒక ఏడాది మా నాన్న ఎక్కడో అమ్మకానికి పెట్టిన ఖాళీ నీలం డ్రమ్మును రిక్షాలో వేసుకుని తెచ్చాడు. అమ్మ దాన్ని బూడిదతో తోమి, ట్యాంకరు రాగానే సగం దాకా నింపింది. డ్రమ్ము మీద తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఒక్కో అక్షరం నడుమ తెగి, సందులు పడి, ముక్కలు పక్కపక్కన పేర్చినట్టు కనిపించేది. మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు.

పక్కింటి అక్క ఫ్యాక్టరీలో అలాంటి డ్రమ్ములకే పేర్లు కొట్టేది. అక్షరాలు కోసిన రేకును డ్రమ్ముకు ఆనించి పైన రంగు పూయడం ఆమె పని. ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తూ మా వాకిట్లోకి చూసింది. టిఫిన్ డబ్బా పడేసి వచ్చి, భుజం ఆనించి డ్రమ్మును ఒరగదోసింది. నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

"ఏందే పిల్లా గిట్ల జేస్తివి? ట్యాంకరు మళ్ల ఎప్పుడొస్తదో ఏమో" అంది అమ్మ.

"చిన్నమ్మా, గిది విషపు మందు డ్రమ్ము. మీద గదే రాసుంది. ఎవరన్న తాగిండ్రా?"

మా తమ్ముడు తాగాడు.

అక్క వాణ్ణి చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన పరీక్షించి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండమని, వాంతులైతే వెంటనే తీసుకురమ్మని పంపేశాడు. ఆ పూట మాకు ఎంతకీ గడవలేదు. వాడు కన్ను మూస్తే అమ్మ తట్టి లేపేది. మంచం దగ్గర కూర్చోలేక వాకిట్లోకి, అక్కడ నిలవలేక మళ్లీ లోపలికి తిరుగుతూనే ఉన్నాను. అక్క ఇంటికి పోలేదు, ముఖం కూడా కడుక్కోలేదు. పొద్దు గూకే వేళకు వాడు విసుగ్గా లేచి అన్నం పెట్టమన్నాడు. అప్పుడు ఏడ్చింది అమ్మ.

మర్నాడు అక్క ఒక అట్టముక్క, బ్లేడు తెచ్చి 'విషం' అని తెలుగులో కోయబోయింది. సున్నాను చుట్టూ కోసేసరికి నడిమి బిళ్ల ఊడి పడింది. మరో అట్ట తీసుకుంది.

"జెర కొయ్యకుండ ఇడ్సిపెట్టాలె. గదే నడిమి ముక్కను పట్టుకుంటది" అని నాకు చూపించింది. ఆ అక్షరాలు ఎందుకు తెగి ఉంటాయో అప్పుడు తెలిసింది.

మా డ్రమ్ము మీద ఎర్రగా ఆ మాట పడింది. అమ్మ దాన్ని చూస్తూ, "నాకు గిది గూడ సదవరాదు కదనే" అంది మెల్లగా. రంగు ఆరాక అక్క అమ్మ వేలు పట్టుకుని అక్షరం మీద అక్షరం దిద్దించింది. బడి ముఖం చూడని మా అమ్మ నేర్చిన మొదటి మాట అదే. ఆ తర్వాత అట్ట పట్టుకుని అక్కతో పాటు ఇల్లిల్లూ తిరిగింది. అలాంటి డ్రమ్ములున్న ప్రతి వాకిట్లో ఆ మాట వేయించి, తానే వేలు పెట్టి చదివి వినిపించింది.

ఇప్పటికీ ఇంట్లోకి కొత్త డబ్బా, సీసా ఏది వచ్చినా దాని మీద ఏం రాసుందో చూడనిదే నాకు మనసు నిలవదు. దుకాణంలో ఎవరైనా సీసాను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, అడగకపోయినా పక్కకు వెళ్లి పైకి చదువుతాను. నా మనవరాలు సిగ్గుపడి కొంగు లాగుతుంది. చదవడం పూర్తయ్యాకే కదులుతాను.