సంచీ లేని రోజుల్లో టైలరమ్మ

టైలరమ్మకు గర్వం ఎక్కువని వీధిలో అందరూ అంటారు. ఆమె కుట్టిన చొక్కాలే వేసుకుని అంటారు, అది వేరే సంగతి. రెండో తరగతి గడప దాటకపోయినా, మనిషిని అటు నుంచి ఇటు ఓసారి నడవమని, టేపు ముట్టకుండానే భుజం కొలత చెప్పేస్తుంది. కుట్టు బాగాలేదని వంకలు పెట్టేవాళ్ళను "నీ ఒళ్ళే వంకరైతే నా కుట్టేం చేస్తుంది నాయనా?" అని సాగనంపుతుంది. ఆమె నోటికి జడిసి గిరాకీ తగ్గాలి నిజానికి. తగ్గలేదు.

ఒక పొద్దున బడి పెద్ద టీచరు దుకాణానికి వచ్చి, గుడ్డముక్కలు పక్కకు నెట్టి బల్లమీద కూర్చుంది.

"అమ్మా, మీరు మా బడికొచ్చి పిల్లలకు పాఠం చెప్పాలి."

"నేనా? పొద్దున్నే వేళాకోళమా టీచరుగారూ?"

వేళాకోళం కాదు. దేశమంతటికీ కొత్త చదువుల విధానం వచ్చింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఏడాదిలో కొన్నాళ్ళు పుస్తకాల సంచీ ఇంట్లో పెట్టి రావాలి. ఆ రోజుల్లో ఊళ్ళో పనివాళ్ళు వచ్చి వాళ్ళకు చేతిపని నేర్పాలి. చుట్టుపక్కల బళ్ళన్నిటికీ ఆర్డర్లు వచ్చేశాయి. పనిముట్లు మాత్రం వెనకాల వస్తున్నాయట.

"ఒక బడిలో వడ్రంగి ఉన్నాడు, చెక్క లేదు. ఇంకో బడికి చెక్క వచ్చింది, వడ్రంగి దొరకలేదు. మా లెక్కల మాస్టారేమో తన పాఠాలు ఎప్పుడు పూర్తిచేయాలని నామీద అలిగాడు. మీరైనా కాదనకండి" అంది పెద్ద టీచరు.

గదిలో బొత్తాలు కుడుతున్న కోడలు కిసుక్కున నవ్వింది. "వెళ్ళండత్తయ్యా. ఇన్నాళ్ళూ నామీద పెట్టిన పెత్తనం కాస్త పిల్లలమీద పెడుదురుగాని."

"నువ్వు నోరుమూసుకుని బొత్తాలు చూడు" అంది టైలరమ్మ. అనేసి, అద్దంలో జుట్టు సర్దుకుంది.

తల్లిదండ్రుల మీటింగులో ఒక తండ్రి లేచి గొడవపడ్డాడు. అతను లారీలకు బరువులు ఎత్తే మనిషి. "మాలాగా చేతులు అరగదీసుకోకూడదనే బడికి పంపుతున్నాం. మీరు బడిలోకే మా పనులు తెస్తారా? డబ్బున్నవాళ్ళ బళ్ళలో కూడా కత్తెరలు పట్టిస్తున్నారా?" అన్నాడు. పెద్ద టీచరు నీళ్ళు నమిలింది. టైలరమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏం, కత్తెర పట్టుకుంటే చెయ్యి పుచ్చిపోతుందా? ఆ చొక్కా ఎవరు కుట్టారనుకుంటున్నావు, కలెక్టరా?" అంది. అందరూ నవ్వారు. ఆ తండ్రి కూడా నవ్వి కూర్చున్నాడు. ఆరోజు నుంచి ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

బడికి మిషన్లు రాలేదు కనుక తన మిషన్నే ఆటోలో వేసుకుని వెళ్ళింది. సైన్సు గదిలో, గాజు బీరువాల మధ్య, చోటిచ్చారు. పిల్లలు మొదటిరోజు "అమ్మమ్మా" అని పిలవబోతే, "ఇంట్లో అమ్మమ్మలుంటారు. ఇక్కడ నేను టీచరుగారిని" అని గదమాయించింది. సూదిలో దారం ఎక్కించడం, ముడి వేయడం, మడత కుట్టడం, మిషను తొక్కడం, అన్నీ చూపించింది. వేలు పొడుచుకుని ఏడ్చినవాళ్ళను బుజ్జగించింది, వంకరగా కుట్టినవాళ్ళ చేత ఊడదీయించి మళ్ళీ కుట్టించింది. మంచి టీచరే అనాలి.

ఒక్కటి మాత్రం చూపించలేదు. గుడ్డ కత్తిరించడం.

ఈ పనిలో కుట్టు ఎవరైనా కుడతారు. అన్నం పెట్టేది కటింగు. టైలరమ్మ చిన్నప్పుడు ఆమెకు పని నేర్పిన మాస్టరు, కత్తెర తీశాడంటే గోడవైపు తిరిగేవాడు. చంక దగ్గర ఎంత లోపలికి తీయాలో, మెడ ఎక్కడ దింపాలో తన పెళ్ళానికి కూడా తెలియనివ్వలేదు. టైలరమ్మ ఆయన భుజం మీదుగా దొంగచూపులు చూసి నేర్చుకుంది, దొరికినప్పుడల్లా మొట్టికాయలు తింది. తర్వాత ఆమెకూ ఒక శిష్యురాలు దొరికింది. ఆ మహాతల్లి అలాగే దొంగచూపులు చూసి, ఎదురుగానే దుకాణం తెరిచింది. అప్పటి నుంచి టైలరమ్మ కూడా గోడవైపే తిరుగుతుంది. ఇంత కష్టపడి సంపాదించింది ఊరికే ఎవరికిస్తారు?

బడిలోనూ బల్లను గోడవైపుకు జరిపించుకుంది. పిల్లలు వెనక మూగి "కనబడటం లేదండీ" అంటే, "కత్తిరించేటప్పుడు ఎవరూ చూడకూడదు. చూస్తే కత్తెర దారి తప్పుతుంది" అంది. పిల్లలు నమ్మారు. టీచరుగారు చెప్పింది మరి.

అందరికంటే ఎక్కువ నమ్మింది ఏడో తరగతి పిల్ల. చివరి బల్లమీద కూర్చునేది, మాట్లాడేది కాదు, టైలరమ్మ దానికి ముంగి అని పేరు పెట్టింది. ఆ పిల్ల కుట్టు చూసి టైలరమ్మకు ఒళ్ళు ఝల్లుమంది. గీత గీసినట్టు పోయేది. ఇలాంటి చేతికి కత్తెర చూపిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసే, ముంగి దగ్గరకు వస్తే భుజం మరికాస్త అడ్డం పెట్టింది. చిన్నపిల్లను చూసి భయపడుతున్నానని తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఆఖరి రోజున ప్రదర్శన పెట్టారు. హాల్లో తాడు కట్టి, పిల్లలు కుట్టిన చిన్న గౌన్లు వరసగా వేలాడదీశారు. తల్లులు, తండ్రులు, టీచర్లు, పైనుంచి ఒక ఆఫీసరమ్మ, అందరూ వచ్చారు. ఆఫీసరమ్మ గౌన్లు తిరగేసి చూసి మురిసిపోయింది. మిగతా బళ్ళలో ఖాళీ గదులు చూసి చూసి విసిగిపోయి ఉందేమో, "ఇదీ మేం అనుకున్నది!" అని చప్పట్లు కొట్టింది. టైలరమ్మ ముఖం చాటంతయింది.

అక్కడితో ఆగిపోతే బాగుండేది.

"ఎవరైనా ఒక పాప మా ముందు గౌను కత్తిరించి చూపిస్తుందా?" అంది ఆఫీసరమ్మ.

పెద్ద టీచరు చూపు ముంగిమీద పడింది. ముంగి లేచి వచ్చి, గుడ్డ తీసుకుంది. బల్లను మెల్లగా ఈడ్చుకుంటూ గోడ దగ్గరకు తీసుకెళ్ళింది. సభకు వీపు పెట్టి నిలబడి, ముందుకు వంగి, ఎడమ భుజం అడ్డం పెట్టుకుంది. అచ్చం టైలరమ్మే. కత్తెర చప్పుడు మొదలైంది. ఒక పొడుగు కోత, కాస్త ఆగి గబగబా నాలుగు పొట్టి కోతలు. టైలరమ్మ కత్తెర చప్పుడు అది. వెనకనుంచి వినబడింది అంతే కదా, ఆ పిల్ల దాన్నే నేర్చుకుంది.

హాల్లో ఎవరో కిచకిచమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

"ఇటు తిరుగమ్మా, మాకు కనబడొద్దూ?" అంది ఆఫీసరమ్మ.

"ఎవరూ చూడకూడదండీ. మా టీచరుగారు చెప్పారు" అంది ముంగి, తల తిప్పకుండానే. అని గుడ్డ ఎత్తి చూపించింది. చంకలు లేవు, మెడ లేదు. ఒకదానికొకటి అతకని పీలికలు.

అందరి కళ్ళూ టైలరమ్మమీదికి తిరిగాయి. "నిజమేనా అమ్మా?" అని ఆఫీసరమ్మ మర్యాదగానే అడిగింది. అవునంటే పోయేది. నాలుగు నవ్వులు నవ్వి మర్చిపోయేవాళ్ళు. కానీ ఆ వీధిలో ఇన్నేళ్ళు ఎవరికీ తగ్గని నోరు, తనంతట తనే ఇలా పలికింది:

"అబ్బే, నేనెందుకు చెబుతానండీ? అన్నీ చూపించాను. పిల్ల జనాన్ని చూసి కంగారు పడింది."

ముంగి తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. మిగతా పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ముంగి కత్తెరను బల్లమీద పెట్టింది.

"అవునండీ. కంగారు పడ్డాను" అంది.

టైలరమ్మ జీవితంలో చాలామంది చేత మాటలు పడింది, చాలామందిని మాటలన్నది. ఏ మాటా ఇంత లోతుగా దిగలేదు. చప్పట్లు కొట్టారు, దండ వేశారు, ఫొటో తీశారు. ఫొటోలో నవ్వమంటే పళ్ళు బయటపెట్టింది గాని, అది నవ్వు కాదని ఆమెకు తెలుసు. హాలు వాకిట్లో లారీ మనిషి తన కూతురి తలమీద చెయ్యేసి, "పోనీలే, గుడ్డే కదా పాడైంది" అంటున్నాడు. అప్పుడు తెలిసింది, ముంగి ఆయన కూతురని. టైలరమ్మ ఆయన పక్కనుంచే తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆయన "వెళ్ళొస్తారా అమ్మా" అన్నా, విననట్టే నటించింది.

ఇంటికొచ్చి ముద్ద మింగలేదు. కోడలు గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం కక్కేసింది. కోడలు నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"ఇన్నేళ్ళుగా నాకే చూపించలేదు మీరు. బొత్తాలు, కాజాలు, బొత్తాలు. నేను ఏ దుకాణం పెడతానని అత్తయ్యా? ఉండేది ఈ ఇంట్లోనేగా!"

"నిన్నిప్పుడు అడిగానా?"

"అడగలేదు, సరే. మరి నాకెందుకు చెబుతున్నారు ఇదంతా? చెప్పాల్సింది ఆ పిల్లకు కదా."

టైలరమ్మ కంచం పక్కకు నెట్టి లేచింది.

మర్నాడు బడికి వెళ్ళింది. గేటు దగ్గర కాసేపు తచ్చాడింది, చెప్పు తెగిందన్నట్టు వంగి చూసుకుంది, వెనక్కి పోదామనుకుంది. చివరికి లోపలికి నడిచింది. పెద్ద టీచరు ఎదురొచ్చి, "మీ పాఠాలు అయిపోయాయి కదమ్మా? ఇవాళ్టి నుంచి కరెంటు పని. నిన్నటిది మనసులో పెట్టుకోకండి, ఆఫీసరమ్మ కూడా ముచ్చటపడే వెళ్ళింది" అంది. ముచ్చట అనే మాట విని టైలరమ్మకు ఇంకా సిగ్గేసింది. "పిల్లలతో ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను" అంది.

సైన్సు గదిలో బల్ల మధ్యలోకి వచ్చి ఉంది. కరెంటు పని కుర్రవాడు ఒక పాత స్విచ్‌బోర్డు విప్పి, వెనకభాగం పైకి పెట్టాడు. పిల్లలు చుట్టూ ఎగబడి, ఒకళ్ళ భుజాలమీద ఒకళ్ళు వాలి చూస్తున్నారు. అందరికంటే ముందు, ముక్కు బోర్డుకు తగిలేంత దగ్గరగా, ముంగి. "అన్నా, ఈ ఎర్రది ఎక్కడికి పోతుంది? నల్లది తీసేస్తే? రెండూ తగిలితే కాలుతుందా అన్నా?" అని ఊపిరాడనివ్వకుండా అడుగుతోంది. ఆ కుర్రవాడు విసుక్కోకుండా ఒక్కొక్క తీగా వేలితో ముట్టి చెబుతున్నాడు. టైలరమ్మ ఆ గదిలో అన్ని రోజులున్నా ఆ పిల్ల గొంతు ఇంత పెద్దదని ఎరగదు.

గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది. అందరూ తిరిగారు. నిన్నటిదాకా గదమాయించిన మనిషి, గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మొన్నటి... నిన్నటి సంగతి. ఈ పిల్ల చెప్పిందే నిజం. చూడకూడదని నేనే అన్నాను. నేర్పడం ఇష్టం లేక అన్నాను. అందరి ముందూ అబద్ధమాడింది కూడా నేనే." ఇంకేదో చెప్పాలనుకుంది, రాలేదు. "మా దుకాణానికి రండి. ఎవరొచ్చినా చూపిస్తాను. బల్ల మధ్యలో పెట్టి చూపిస్తాను."

పిల్లలు ఏమనాలో తెలియక ముంగి వైపు చూశారు. ముంగి చెవులు ఎర్రబడ్డాయి. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటుంటే ఎటు చూడాలో తెలియని పిల్లల్లాగే, అది కూడా కాసేపు నేలచూపులు చూసింది.

"సరేలెండి అమ్మమ్మా" అంది.

టీచరుగారని అనలేదు. కోపంగానూ అనలేదు. అని, మళ్ళీ బోర్డుమీదికి వంగింది.

"అన్నా, నల్లది చెబుతున్నావు కదా. మరి ఈ పచ్చది ఎందుకు?"