పేడపురుగుకు తొంభై ఏడో అధ్యాయం

విదేశాలకు వెళ్లే సరుకు కస్టమ్స్ వారి లెక్కలో ఏ కోడు కిందికి వస్తుందో తేల్చడం నా ఉద్యోగం. ఆఫీసు బెంగళూరులో, ఇల్లు పావగడలో. సగం పని ఇంటినుంచే. మిరపపొడి, పట్టుచీర, బండరాయి పలక, ఏదైనా సరే, ఆ సుంకాల పుస్తకంలో దానికంటూ ఒక గది ఉంటుంది. మనుషులకు గదుల్లేవు. ఉంటే నన్ను ఎందులో తోస్తారోనని నాకు కొంచెం బెంగే.

ఒకసారి మా చెల్లెలి పెట్టె నా చేతికొచ్చింది. చెల్లెలు డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. సోలార్ పార్కుకు కౌలుకిచ్చిన మా శనక్కాయ చేలో ఇప్పుడు ఎండ పండుతోంది. ఆ ప్యానెళ్ల కింద మేసే గొర్రెల పెంటికల్లో చెల్లెలు పేడపురుగులు ఏరింది. వాటిలో ఒకదానికి ఏ పుస్తకంలోనూ పేరు దొరకలేదు. మళ్లీ ఎంత వెతికినా అలాంటిది ఇంకోటి కనబడలేదు. అది కొత్త జాతో కాదో చెప్పగల పెద్దాయన విదేశంలో ఒక మ్యూజియంలో ఉన్నాడు. త్వరలో రిటైరవుతున్నాడు కూడా. అనుమతులన్నీ చెల్లెలు తెచ్చుకుంది. మిగిలింది కోడే.

సుంకాల పుస్తకం ఐదో అధ్యాయంలో వేస్తే అది వట్టి చచ్చిన జంతువు. ఇరుగుపొరుగు కొమ్ములు, ఎముకలు, పంది వెంట్రుకలు. తొంభై ఏడులో వేస్తే శాస్త్రానికి పనికొచ్చే సేకరణ. ఇరుగుపొరుగు చిత్రపటాలు, శిల్పాలు. కాలుగాలిన పిల్లిలా మిద్దెమీద తిరిగి తిరిగి చివరికి తొంభై ఏడే రాశాను. సుంకం లేదు, సంకటమే. మా ఆఫీసులో ఆ పురుగుకొచ్చినంత ప్రమోషన్ ఇంకెవరికీ రాలేదు.

"ఏందిరా, చచ్చిన పురుగులకి ఇన్ని కాగితాలా?" అంది అమ్మ. "బతికుండే నాకు రేషన్ కార్డు చేయించేదానికి నీకు తీరిక లేదు."

పెట్టె బెంగళూరు చేరింది. నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉండేది. ఫోను మోగకపోతే ఒక భయం, మోగితే ఇంకో భయం. చివరికి మోగింది. ఆఫీసులో నాతో పనిచేసే అతను, హిందూపురం మనిషి.

"ఏమప్పా, పురుగులని రాసినావు, మూత తీస్తే లోపల ఆకులుండాయే! మొక్కలకి వేరే సర్టిఫికెట్ కావల్ల అంటాండారు. పెట్టె నిలిపేసినారు."

తాను ఏ ఆకులూ పెట్టలేదంది చెల్లెలు. ఇద్దరం అమ్మవైపు తిరిగాం.

"నేనే ఏసినా," అంది అమ్మ, అదేం పెద్ద సంగతి కానట్టు. "ఇత్తనాల డబ్బాలో ఏసినట్ల రెండు రెమ్మలు ఎండిన యాపాకు. లేకుంటే పురుగు పట్టదా?"

"పురుగులకి పురుగు పడతాదా అమ్మా!" అన్నాను, ఇంత చదివినవాణ్ణి కదా అని.

"పడతాదన్నా," అంది చెల్లెలు, నేల చూస్తూ. "అందుకే నేను కర్పూరం గుళికలు పెట్టినా. అమ్మ చేసింది తప్పేం కాదు. కానీ ఆ ఆకులు వాళ్లు లాగితే, పురుగు కాళ్లు ఊడొస్తాయి."

పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. దారి పొడవునా చెల్లెలు ఒళ్లో పురుగుల్ని పట్టే చిన్న పట్టకారు పట్టుకుని దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చుంది. నేను మధుగిరి దాటేలోపు ఆఫీసుకు చేసిన ఫోన్లకు ఆ హిందూపురం అతను విసిగి, "నువ్వే వస్తాండావు కదప్పా!" అని పెట్టేశాడు.

ఎయిర్ కార్గో షెడ్డులో ఆఫీసరు మంచి మనిషే. ఆకులు ఎందుకున్నాయో నేను కన్నడంలో చెబితే, మా అమ్మ కూడా రాగుల్లో వేస్తుంది అని నవ్వాడు. నవ్వినా రూలు రూలే. ఆకులు తన ఎదుట తీయాలి, మళ్లీ సీలు వేయాలి, అప్పుడే ముందుకు. తనే తీస్తానంది చెల్లెలు. ఒప్పుకున్నాడు.

పైన తిరిగే ఫ్యాను కింద చెల్లెలు ఊపిరి బిగబట్టింది. నేను ఫ్యాను ఆపమన్నాను. ఆపారు. ఒక్కో ఈనె పట్టి బయటికి తీస్తోంది. ఆఖరి ఆకు, పేరు దొరకని ఆ ఒక్క పురుగు వెనక కాలికి చిక్కుకుని ఉంది. లాగలేదు, చిన్నగా తిప్పింది. అయినా కాలు విరిగింది.

ఇంటికి తీసుకెళ్లిపోదామా అన్నాను. ఆ పెద్దాయన రిటైరయ్యేలోపు మళ్లీ పంపడం కుదరదని ఇద్దరికీ తెలుసు. చెల్లెలు ఆ కాలును ఎత్తి, చిన్న అట్టముక్కకు జిగురు పెట్టి అతికించి, దాన్ని పురుగును నిలబెట్టిన సూదికే, పురుగు కిందనే గుచ్చింది.

"పోనీలేన్నా, మూసేయ్. కాలు దాంతోనే ఉండాది."

సీలు పడింది. పెట్టె బెల్టు మీద లోపలికి పోయింది. బయటికొచ్చాక టీ తాగుదామంటే వద్దంది. దారిలో ఇంకో కాలు ఊడితే ఎట్లన్నా, అంది. దానికి ఇంకా ఐదున్నాయి కదమ్మా, అన్నాను. నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

తిరుగు బస్సులో ఆ పెట్టె ఇప్పుడు ఎక్కడుంటుందో వెతుకుతూ ఫోను చార్జింగు అయిపోగొట్టుకున్నాను. చెల్లెలు కిటికీ వైపు తిరిగి, ఊళ్లో వాన ఎప్పుడు పడుతుందని అడిగింది. తడి నేలలో పురుగులు పైకొస్తాయి కాబట్టి, పడితే మరునాడే అలాంటిది ఇంకోదాని కోసం ప్యానెళ్ల కిందికి పోవాలట.