ఐదు రాళ్ల సీసా

సార్ పోయారన్న కబురు నాకు డయాలసిస్ గది నుంచి వచ్చింది. "మేడం, సారు ఈపొద్దు రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపులు వినపడతాండాయి" అన్నాడు అక్కడి టెక్నీషియన్. ఓపీలో నా ముందు ఒక ముసలమ్మ పొట్ట పట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు చీటీ రాసి పంపాను. తర్వాత వచ్చిన మనిషిని పేరు కూడా అడక్కుండానే మంచం మీద పడుకోమన్నాను. సార్ ఉండి ఉంటే దానికి నన్ను చెడామడా తిట్టేవారు.

కర్నూలులో నాకు సర్జరీ నేర్పింది ఆయనే. మైదుకూరులో కిరాణా కొట్టు నడుపుకునే ఇంట పుట్టిన మనిషి. సర్వీసంతా పిత్తాశయాలు తీస్తూనే గడిపారు కాబట్టి ఆసుపత్రిలో అందరికీ 'రాళ్ల సారు'. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. అయితే పిత్తాశయం నాళానికి క్లిప్పు వేసి కోసే ముందు మాత్రం ఎక్కడలేని ఓపికా వచ్చేది. "చెయ్యి తీయ్. తీసి చూడు. ఏం కనపడతాంది?" అని గదిలో ఒక్కొక్కరినీ అడిగేవారు, నేల తుడిచే ఆయమ్మతో సహా. కొత్తవాళ్లు నవ్వితే, వయసులో ఉన్నప్పుడు పొరపాటున దానికి బదులు తాను కోసేసిన ప్రధాన పిత్తనాళం సంగతి చెప్పేవారు. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన లారీ డ్రైవరు. బతకలేదు. "ఆపొద్దు నేను చెయ్యి తీయలేదు" అనేవారు. ప్రతి బ్యాచికీ చెప్పేవారు. సొంత తప్పును ఏటేటా అలా బయటపెట్టుకునే డాక్టరును నేను మరొకరిని చూడలేదు.

చివరి పదేళ్లు ఆయన ఇంకో పని మీద పడ్డారు. కిడ్నీ ఇస్తామని వచ్చిన చుట్టాలు మధ్యలో ఎందుకు ఆగిపోతారు అన్నది ఆయన పరిశోధన. దాతను పరీక్షించే గదిలోకి ఇంకెవరినీ రానివ్వకుండా, నిజంగా ఇష్టమేనా అని మేం అడగాలి. ఆ పనిలో చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. పడమటి పల్లె నుంచి మొగుడికి కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన ఒకామె, తలుపు వేయగానే "నాకిష్టం లేదు మేడం" అంది. నేను ఆ మాటే కేసు షీటులో రాశాను. షీటును ఆమె మరిది చదివాడు. మధ్యాహ్నానికి ఆమెను గేటు దగ్గర వదిలేసి అందరూ వెళ్లిపోయారు.

సారే ఆమెను పుట్టింటి బస్సు ఎక్కించి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మర్నాటి నుంచి మా దగ్గర రెండు కాగితాలు వచ్చాయి. ఇంటివాళ్ల చేతికి వెళ్లేదాంట్లో 'తగరు', అంటే దాతగా పనికిరారు అని ఒక్క మాట ఉంటుంది. కారణం రాసింది బీరువాలో ఉంటుంది. "వద్దనేటోళ్లకు మనం గోడ కావల్లమ్మా. ఎవురడిగినా కారణం చెప్పాకు" అన్నారు.

తర్వాత ఆయన కిడ్నీలే పాడయ్యాయి. ఇక్కడి నుంచి చెప్పేది, ఆయన తమ్ముడు స్వయంగా రాయమన్నాకే రాస్తున్నాను. మైదుకూరు కొట్టు చూసుకునే ఆ తమ్ముడే దాతగా వచ్చాడు. పరీక్ష నన్ను చేయమన్నారు సార్. నా వల్ల కాదు, వేరేవాళ్లను పెట్టండి అన్నాను. "వేరేవాళ్లయితే నా మొగం చూసి ఫిట్ అని రాస్తారు. నువ్వు రాయవు" అన్నారు.

తమ్ముడి కిడ్నీలు రెండూ బాగున్నాయి. స్కాన్‌లో పిత్తాశయంలో ఐదు రాళ్లు కనిపించాయి, అంతే. తలుపు వేసి అడిగాను. తలుపు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అన్నంటే పానం మేడం. గానీ ఆ కోత తలుచుకుంటే అన్నం దిగదు. వద్దని చెప్పే ధైర్యం గుడక లేదు. మీరే ఏమన్నా చేయండి."

'తగరు' అని రాశాను. బయట సార్, ఆయన భార్య ఉన్నారు. "ఎందుకమ్మా? ఏముంది వాని ఒంట్లో?" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెప్పకూడదు. కానీ ఆ ముఖం చూసి తట్టుకోలేక, "పిత్తాశయంలో రాళ్లున్నాయమ్మా" అనేశాను.

పిత్తాశయంలో రాళ్లుంటే కిడ్నీ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఆ సంగతి అక్కడ ఇద్దరికే తెలుసు, నాకూ సార్‌కూ. ఆయన నన్ను చూశారు. తల వంచుకున్న తమ్ముణ్ణి చూశారు. "రాళ్లు కట్టే ఒళ్లు అది. తీసినా పనికిరాదులే" అని భార్యతో చెప్పి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఈరోజు రాయమన్నా ఆ కాగితం అలాగే రాస్తాను. అయినా మనసుకు ఊరట లేదు.

తమ్ముడికి తిన్నాక నొప్పి వచ్చేది కాబట్టి రెండు నెలలకు ఆపరేషన్ పెట్టాం. డయాలసిస్ లేని రోజు చూసి సార్ వచ్చి థియేటర్లో స్టూలు మీద కూర్చున్నారు. కాళ్లు వాచి ఉన్నాయి. "భయపడాకురా. చెయ్యి తీసి చూసేది నేర్పినా ఈయమ్మకు" అన్నారు తమ్ముడితో. నేను క్లిప్పు తీసుకోగానే వెనక నుంచి అదే గొంతు, కొంచెం తగ్గి, "ఏం కనపడతాంది?" అని అడిగింది. చివర్లో ఐదు రాళ్లూ తానే కడిగి, చిన్న గాజు సీసాలో వేసి, బయటికి తీసుకెళ్లి భార్యకు చూపించారు. చనిపోయినవారి కిడ్నీ కోసం జాబితాలో సార్ పేరు ఉండింది. పిలుపు రాలేదు.

పదకొండో రోజు మైదుకూరు వెళ్లాను. ఫొటో పక్కన దీపం, దాని పక్కన ఆ సీసా ఉన్నాయి. ఆమె సీసా తీసి నాకు చూపించింది. "చూడమ్మా, ఈ రాళ్లే లేకుంటే మీ సారు ఈపొద్దు ఈడ కూర్చోని ఉండును."

నేను గోడలాగే నిలబడ్డాను. గుమ్మం దగ్గరున్న తమ్ముడు ముందుకు వచ్చాడు. "రాళ్లు కాదు వదినా. నేనే వద్దంటి. అన్నకు తెలుసు."

ఆమె నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. సీసాను మరిది చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తమ్ముడు దాన్ని అన్న ఫొటో ముందు పెట్టబోయి, మళ్లీ చేతిలోకే తీసుకున్నాడు. గాజులో ఐదు రాళ్లు చప్పుడు చేశాయి.